హాలు లేని దేశం నుంచి నిర్మాత

సినిమా హాలే లేని దేశంలో కుర్రాడు నిర్మాతనవుతానంటే పెద్దవాళ్ళు ఏమంటారు? మొహమ్మద్ అల్ తుర్కీది సౌదీ అరేబియాలోని అల్ ఖోబర్. అక్కడివాళ్ళు సినిమా చూడాలంటే సముద్రం మీద 25 కిలోమీటర్ల వంతెన దాటి బహ్రెయిన్ వెళ్ళేవారు. ఆయన ఇంకా దూరం పోయి అమెరికా సినిమాల్లో అడుగుపెట్టారు.

2012లో నటుడు రిచర్డ్ గేర్ సినిమా 'ఆర్బిట్రేజ్'కు, 2014లో '99 హోమ్స్'కు ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్. రెండోది, అప్పు కట్టలేక ఇల్లు పోగొట్టుకున్న కుటుంబం కథ. లాభం ఖాయమని ఎవరూ హామీ ఇవ్వని సినిమా అది. అలాంటిదానికి తోడు నిలవడమే నాకు నచ్చింది.

నిర్మాత మొత్తం సినిమా తరఫున మాట్లాడాలి. నష్టమొస్తే మాట పడేదీ ఆయనే.

'ఆర్బిట్రేజ్' వచ్చిన ఆ 2012లోనే సౌదీ దర్శకురాలు హైఫా అల్ మన్సూర్ 'వాజ్దా' సినిమా పూర్తిచేశారు. రియాద్ వీధుల్లో ఆడమనిషి బహిరంగంగా దర్శకత్వం చేసే వీల్లేక, వ్యానులో కూర్చుని వాకీటాకీలో నటులకు సూచనలిచ్చారు. నన్నడిగితే, ఆ వ్యాను గురించే మరో సినిమా తీయొచ్చు!

చివరికి 2018 ఏప్రిల్‌లో రియాద్‌లో సినిమా హాలు తెరిచారు, 'బ్లాక్ పాంథర్'తో. 2021 డిసెంబరులో జెడ్డాలో రెడ్ సీ చిత్రోత్సవం మొదలైంది. తర్వాత కొంతకాలం దాన్ని నడిపింది ఎవరనుకున్నారు? ఆ అల్ ఖోబర్ కుర్రాడే.