మార్కుల భాష

మా అమ్మాయికి ఇంటర్లో ఫ్రెంచిలో తొంభై ఎనిమిది మార్కులొచ్చాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో తెలిసినవాళ్లు ఎవరు కనిపించినా ఆ మాట చెప్పకుండా వదల్లేదు నేను. తెలుగైతే అన్ని మార్కులు రావని, ఫ్రెంచి తీసుకోమన్నదీ నేనే. మొన్న చుట్టాల ముందు ఒక్క వాక్యం ఫ్రెంచిలో చెప్పవే అంటే, "పరీక్ష అయిపోయిందిగా అమ్మా!" అంది. పోనీ నా నవల చదువుతుందా అంటే, తెలుగులో నాలుగు పేజీలకే దానికి పూటంతా పడుతుంది.

తప్పు పిల్లదంటారా, నాదంటారా?

పరభాష నేర్చినవాళ్లను గౌరవించడం మంచి ఆచారమే. అమెరికాలో లాస్ ఏంజిలిస్ సిటీ కాలేజీలో 1931లో ఆల్ఫా మ్యూ గామా అని విద్యార్థుల గౌరవ సంఘం ఒకటి పుట్టింది. ఒకే పరభాషలో రెండు 'ఏ' గ్రేడులు తెచ్చుకున్నవాళ్లకు అందులో చోటిచ్చేవారు. మన హైదరాబాదు ఇఫ్లూ కూడా 1958లో ఇంగ్లీషు బోధన కోసం మొదలై, తరువాత పరభాషలెన్నో చేర్చుకుని, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైంది. అంతా బాగానే వుంది. కాని నాకో సందేహం. ఆ గౌరవం మార్కుకా, మాటకా?

ఎల్బీ నగర్‌లో మా పై వాటాలో సూర్యాపేట వైపు అమ్మాయి ఒకతె అద్దెకుంటోంది. నర్సు. రాత్రి డ్యూటీ దిగి, రెండు గంటలు నిద్రపోయి, మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో జర్మన్ క్లాసుకు వెళుతుంది. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే మామూలుగా బీ2 స్థాయి అడుగుతారట. ఆరు మెట్లలో అది నాలుగోది. ఆ పిల్ల మేడమెట్ల మీద కూర్చుని 'డెర్, డీ, డాస్' అని వల్లె వేస్తుంటే ఒకరోజు నోరూరుకోక అనేశాను, "జీతం కోసం నేర్చుకునేదీ ఒక చదువేనటమ్మా?" అని.

ఆమె ఏమీ నొచ్చుకోలేదు.

"జీతం కోసమే ఆంటీ. మా నాయిన అప్పు తీరాలె గద! కానీ, మందు పేరంటే ఏ దేశంలనైనా చూసి చదువుకోవచ్చు. ముసలామెకు నొప్పి లేస్తే మాత్రం ఆమె భాషలనే చెప్పుకుంటది. అది నాకు సమజ్ కాకుంటె ఎట్ల?"

నా దగ్గర జవాబు లేదు. పొట్ట కోసం నేర్చిన భాష తక్కువదనుకున్నాను. మరి మార్కుల కోసం నేను నేర్పించిందేమిటి? లాభం కోరడం తప్పు కాదు. మా అమ్మాయి ఫ్రెంచికి ఎదురుగా ప్రశ్నపత్రం తప్ప మనిషి లేదు. ఈ పిల్ల జర్మన్‌కి ఎదురుగా, ఇంకా కళ్లతో చూడని ముసలమ్మ ఒకావిడ మంచం మీద వుంది. తేడా అక్కడే వుంది.

అలాగని పరీక్షలు వద్దంటానా? బీ2 కూడా పరీక్షే. పరీక్ష గుమ్మం లాంటిది. మేము గుమ్మం దాకా వచ్చి, లోపలికి అడుగు పెట్టకుండానే మిఠాయిలు పంచుకున్నాం.

ఆ రాత్రి మా అత్తగారు మోకాళ్లు పట్టుకుని కూర్చుంటే, దగ్గరికి వెళ్లి, "ఎక్కడ నొప్పత్తయ్యా?" అని అడిగాను. ఆవిడ నా వంక వింతగా చూశారు.

ఇద్దరిదీ తెలుగే. అయినా ఆ ఒక్క మాట అడగడానికి నాకు ఇరవై రెండేళ్లు పట్టింది.