దిగి వెళ్లే కొండ

కొండ ఎక్కితే దేవుడు కనిపిస్తాడని నమ్మి పెరిగినవాళ్లం. అలిపిరి దగ్గర మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమలు అద్దుకుంటూ, మోకాళ్ల పర్వతం దగ్గర ఊపిరి అందక నవ్వుకుంటూ, పైకి, ఇంకా పైకి పోవడమే మాకు తెలిసిన యాత్ర. ఆరిజోనాలో స్వామి ఆ యాత్రను తిరగేసి పెట్టాడు. పైన్ చెట్ల మధ్య చదునైన దారిలో వస్తూ వస్తూ ఉండగా, ఏ ఎత్తూ ఎక్కకుండానే, ఉన్నట్టుండి కాళ్ల ముందు నేల అయిపోయింది.

అక్కడి నుంచి అంతా లోతే. మైలు లోతు. ఎదుటి అంచు కొన్నిచోట్ల 18 మైళ్ల అవతల. కొలరాడో నది వెంట 277 మైళ్ల పొడవునా ఇదే వైభవం: శిఖరం వెనక శిఖరం, గోడ కింద గోడ, కెంపు, కావి, తేనె, ఊదా, బూడిద వన్నెల శిలాసోపానాలు, వాటి మీద మేఘాల నీడలు మెల్లగా పాకుతూ. మా గుంపులో ఎప్పుడూ నోరు మూయనివాడు కూడా కంచె పట్టుకుని నిలబడిపోయాడు. కాలేజీ రోజుల నుంచి వాడి నోటికి అంత విరామం దొరకడం నేను చూడలేదు.

గ్రాండ్ క్యానియన్! ఆ సాయంత్రం ఆ అగాధంలోంచి లేచిన శిఖరాల పేర్లు ఒక్కొక్కటీ పటంలో చదువుకున్నాం. విష్ణు ఆలయం. శివాలయం. బ్రహ్మ ఆలయం. రాముడికో మందిరం, కృష్ణుడికో మందిరం, మనువుకు, బుద్ధుడికి, జరతుష్ట్రకు తలా ఒకటి. క్లారెన్స్ డట్టన్ అనే భూవిజ్ఞాని 1880ల్లో ఈ కొండల్ని కొలవడానికి వచ్చి, వాటి రూపానికి తన దేశపు మాటలు చాలలేదేమో, తూర్పు దేవతల పేర్లు పెట్టే వరవడి మొదలుపెట్టాడు. సూర్యుడు వాలుతుంటే విష్ణు ఆలయం మీద చివరి వెలుగు పడింది. ఏ శిల్పీ ఉలి పెట్టని విమానం, ఏ రాజూ ప్రతిష్ఠించని కలశం. గంట లేదు, తెర లేదు, టికెట్టు వరుస లేదు. స్వామీ, నీ పేరు తెలిసినవాళ్లు ఒక్కరూ లేని కాలాన కూడా ఇక్కడ నీకు సాయంత్రపు హారతి ఆగలేదు కదా!

తెల్లవారకముందే దిగడం మొదలుపెట్టాం. అక్టోబరు చివరి చలి, వేళ్లు కొంకర్లు పోతున్నాయి. తలలకు కట్టుకున్న దీపాల వెలుగులో ఒకరి మడమలు ఒకరికి తప్ప ఏమీ కనిపించవు. సౌత్ కైబాబ్ బాటలో ఎక్కడా చుక్క నీరు దొరకదు కాబట్టి అందరి వీపుల మీదా సీసాలు గలగలమంటున్నాయి. తూర్పు తెల్లబడింది. ఊదారంగు బూడిదలోంచి గులాబి రంగు, దానిలోంచి నిప్పు. శిఖరాగ్రాన మొదలైన వెలుగు గోడల వెంట కిందికి జారుతూ మాతో పాటే దిగింది. మేము ఆగితే అదీ ఆగినట్టు, మేము నడిస్తే అదీ నడిచినట్టు.

పైపొర కైబాబ్ సున్నపురాయి, సుమారు 27 కోట్ల ఏళ్ల నాటిది. సముద్రమట్టానికి 2 వేల మీటర్ల పైన ఉన్న ఆ రాతిలో సముద్రపు గవ్వలు, స్పంజికలు! అలలు ఎక్కడ, ఈ ఎడారి అంచు ఎక్కడ! దాని కింద తెల్లని కొకొనీనో ఇసుకరాయి. అది ఒకనాటి ఎడారి. గాలి పోసిన దిబ్బలు ఏ వాలున నిలిచాయో ఆ వాలు చారలతోనే రాయైపోయాయి. ఎప్పటి గాలి ఏ దిక్కున వీచిందో ఇవాళ వేలు పెట్టి చూపించవచ్చు. కింద ఎర్రటి పొరలు. వాటి కింద రెడ్‌వాల్, వందల అడుగుల నిట్టనిలువు గోడ. నిజానికి ఆ సున్నపురాయి బూడిద రంగుది. పై పొరల్లోని ఇనుము వానకు కరిగి కారి కారి దానికి ఎరుపు పూసింది. ఇన్ని లక్షల ఏళ్లుగా సాగుతున్న అభిషేకంలో నుదుటి కుంకుమ జారి నిలువెల్లా అలదుకున్న మూర్తి అది.

సెడార్ రిడ్జ్ దగ్గర పొట్లాలు విప్పాం. వదిన రాత్రి కలిపి తెచ్చిన పులిహోర. బండ మీద చతికిలబడి, ఎదురుగా అనంతాన్ని పెట్టుకుని తింటుంటే ఒక బొద్దు ఉడుత వచ్చి మా చేతుల కేసి, మూటల కేసి, మళ్లీ చేతుల కేసి చూసింది. పెట్టకూడదని నియమం. దానికి ఆ నియమంతో పనిలేదు. అప్పుడే మా నెత్తి మీదుగా ఒక నీడ సాగిపోయింది. కాండోర్ రాబందు! తొమ్మిదిన్నర అడుగుల రెక్కలు చాచి, ఒక్కసారైనా ఆడించకుండా, లోయ ఊపిరి మీద తేలిపోతోంది. రెక్క మీద తెల్లని బిళ్ల, బిళ్ల మీద అంకె. 1982 నాటికి భూమి మొత్తం మీద మిగిలినవి 22 పక్షులే. మనుషులు వాటిని పట్టి, గుడ్లు పొదిగించి, పిల్లల్ని సాకి, 1996లో ఈ ఆరిజోనా కొండల మీద మళ్లీ గాలిలోకి వదిలారు. దీని వంశాన్ని నిలబెట్టిన ఆ ఓపిక ఎవరి చేతుల్లోంచి వచ్చినా, వచ్చింది నీ దగ్గరి నుంచే.

తర్వాత మోకాళ్లదే రాజ్యం. దిగడం తేలిక అనుకునేవాళ్లు ఈ బాట దిగి చూడాలి. మలుపు మీద మలుపు, దుమ్ము మీద దుమ్ము. కంచర గాడిదల బారు ఎదురైతే అందరం కొండవైపు ఒదిగి నిలబడి దారి ఇచ్చాం. అడుగున ఉన్న ఫాంటమ్ రాంచ్ అనే బసకు సరుకూ, అక్కడి నుంచి పైకి ఉత్తరాలూ మోసేవి అవే. ఒక గాడిద నా భుజం పక్కగా పోతూ కన్నెత్తి చూసింది. ఆ కంట్లో లోయ అంతా బొట్టంత చిన్నదై కనిపించింది.

చివరికి సొరంగం, సొరంగం దాటగానే నల్ల వంతెన. 1928లో ఈ వేలాడే వంతెన కట్టినప్పుడు, టన్నుకు అటూ ఇటూగా తూగే ఒక్కొక్క ఉక్కు తాడునూ 42 మంది హవసుపాయ్ జాతి మనుషులు వరుసగా భుజాల మీద ఎత్తుకుని ఇదే మలుపుల్లో దింపారు. తలుచుకుంటే స్వామివారి వాహనం మోసే బోయీల భుజాలు గుర్తొచ్చాయి. ఆ భుజాలకు మొక్కి వంతెన మీద అడుగుపెట్టాను.

కింద నది. పైనుంచి ఆకుపచ్చ దారప్పోగు. దగ్గరికి వస్తే హోరు, బలం, చలి. పాదాలు పెట్టి పది లెక్కపెట్టలేకపోయాం. ఎగువన గ్లెన్ క్యానియన్ ఆనకట్ట 1963లో నదికి అడ్డుపడ్డాక ఒండ్రు అక్కడే నిలిచిపోయి, అట్టడుగు చన్నీళ్లు ఇలా వస్తున్నాయి. వానలకు ఉపనదులు పొంగితే మాత్రం పాత ఎరుపు మళ్లీ ఎక్కుతుందట. 1869లో జాన్ వెస్లీ పావెల్ అనే ఒంటిచేతి మనిషి చెక్క పడవల్లో ఈ హోరులోకి దిగాడు. రెండో చెయ్యి యుద్ధంలో పోయింది. ఇక్కడ వచ్చి కలిసే తేటనీటి ఏరుకు బ్రైట్ ఏంజెల్ అని పేరు పెట్టింది ఆయనే. ఆ ఏటి ఒడ్డునే మేము గుడారాలు వేసుకున్నాం. కాటన్‌వుడ్ ఆకులు అప్పుడే పండి బంగారమవుతున్నాయి. అంచు మీద కోట్లు తొడుక్కుని వణికినవాళ్లం ఇక్కడ చొక్కా చేతులు మడుచుకుని నీళ్లలో గిన్నెలు కడుగుతున్నాం.

ఏటి పక్కన, నది పక్కన, ఎటు చూసినా నల్లరాయి. నేను ఇంతదూరం వచ్చింది దీనికోసమే. పైన చూసిన విష్ణు ఆలయం పేరే దీనికీ పెట్టారు: విష్ణు షిస్టు. వయసు 170 కోట్ల ఏళ్లకు పైమాట. ఒకప్పటి సముద్రపు బురద, అగ్నిపర్వతపు బూడిద, మైళ్ల లోతున నలిగి, కాగి, మళ్లీ పుట్టి ఇలా అయింది. దగ్గరికి వంగి చూశాను. నూనె పట్టించిన మూలవిరాట్టు మేని నిగనిగ. అభ్రకపు రేకులు సన్నగా మిలమిల. కరిగి పైకెక్కి గడ్డకట్టిన గులాబి రంగు గ్రానైటు ఆ నల్లని మేని మీద ఏటవాలుగా, భుజం నుంచి నడుముకు జారిన జందెంలా. ఇది నా కన్ను కల్పించిన పోలికే కావచ్చు. కల్పించుకునే కన్ను ఇచ్చినవాడివీ నువ్వే. పైన శిఖరం నీది, అట్టడుగున పునాది నీది. నడుమ ఉన్న సముద్రాలు, ఎడారులు, బురదనేలలు, గవ్వలు, అడుగుజాడలు అన్నీ నీ కటిమీది చీనాంబరపు మడతలు.

రాత్రి రెండు గోడల మధ్య సన్నని ఆకాశం. అందులో పట్టనన్ని చుక్కలు. పాలపుంత పైన ప్రవహించే మరో నదిలా కింది నదికి సరిగ్గా అడ్డంగా సాగింది. ఎవరూ పడుకోలేదు. ఒకరు అన్నమయ్య పదం కూనిరాగం తీశారు, ఒకరు ఎప్పుడో చనిపోయిన నాన్నను గురించి ఉన్నట్టుండి చెప్పుకొచ్చారు. "ఒరేయ్, ఆ కాస్త ఆవకాయ ఇటు తోయరా" అన్నాడు ఇంకొకడు. అదీ ప్రార్థనే.

మర్నాడు బ్రైట్ ఏంజెల్ బాటలో ఎక్కడం. నల్లరాతి గోడల్లో మెలికలు తిరిగే దారి దాటి, హవసుపాయ్ గార్డెన్స్ చేరబోయే ముందు, గోడలో ఒక గీత కనిపించింది. కింద ఆ విష్ణు శిల. దాని మీద నేరుగా గోధుమరంగు టాపీట్స్ ఇసుకరాయి, 50 కోట్ల ఏళ్ల పైబడిన కడలి ఒడ్డు. అరచెయ్యి ఆనించాను. వేళ్లు ఇసుక మీద, మణికట్టు నల్లరాయి మీద. మధ్యలో ఉండవలసిన 120 కోట్ల ఏళ్లు అక్కడ లేవు. ఆ వ్యవధిలో కొండలు లేచాయి, అరిగాయి, గాలిలో నీటిలో కలిసి ఎటో పోయాయి. నా చెయ్యి ఒక చెరిగిపోయిన మహాయుగం మీద ఉంది, చల్లగా ఉంది.

ఇలాంటి గీతే మన ఇంటి దగ్గరా ఒకటుంది. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన, కొండను తొలిచిన చోట, కింద గ్రానైటు, పైన నాగరి క్వార్ట్‌జైటు, మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల ఖాళీ. జాతీయ భూవైజ్ఞానిక స్మారకమది. కళ్లు తిరగకుండా నిమ్మకాయ వాసన చూసుకుంటూ, ఎన్నో మలుపో లెక్కపెట్టుకుంటూ, చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు దాని పక్కగా బస్సులో పోయామో! నీ ముంగిట్లోనూ, భూగోళానికి అవతలి వైపునా, ఒకే సంతకం చేసి పెట్టావు. తండ్రీ, ఉన్నదానితో నిర్మించేవాళ్లు ఎందరో. తీసేసి నిర్మించేది నువ్వొక్కడివే. ఈ లోయంతా ఏమిటి? యాభై, అరవై లక్షల ఏళ్లుగా ఒక నది రేణువు రేణువుగా తీసుకుపోయినది. మేము చూసి చేతులు జోడించింది మిగిలిన రాతికి కాదు, పోయిన రాయి వదిలిన చోటుకు. ఆ ఖాళీలోనే వెలుగు నిండింది, రాబందు తిరిగింది, గాలి పాడింది, మేము నడిచాం. నాలోనూ ఇలా కొంచెం కొంచెంగా తీసుకుపో. మొరాయిస్తాను. ఆగకు.

హవసుపాయ్ గార్డెన్స్‌లో కుళాయి నీళ్లు, చెట్ల నీడ. ఇది ఆ పేరుగల జాతి పంటలు పండించుకున్న చోటు. పార్కు వచ్చాక వాళ్లను ఇక్కడి నుంచి వెళ్లగొట్టారు, వాళ్ల పేరు మాత్రం 2022లో ఈ చోటుకు వచ్చింది. హోపీ జాతివాళ్లకు ఈ లోయ ప్రాంతమే మానవులు ఈ లోకంలోకి వెలువడిన గర్భద్వారం. మేము దర్శనానికి వచ్చినవాళ్లం, వాళ్లు ఇంటివాళ్లు. సీసా నింపుకునేటప్పుడు ఆ సంగతి మరవకూడదనిపించింది.

ఇక మిగిలింది నిలువు. మధ్యాహ్నపు ఎండ, గొంతులో దుమ్ము, పిక్కల్లో రాళ్లు. బాట పక్కన, గుట్ట నుంచి విరిగిపడిన ఒక బండ మీద చిన్న చిన్న గుంటల వరుస ఉంది. 31 కోట్ల ఏళ్ల కిందట ఏదో బుల్లి జీవి ఇసుక దిబ్బ ఎక్కుతూ వేసిన అడుగులు. వేల మంది పక్కనుంచే పోయినా, 2016లో విద్యార్థులతో నడుస్తున్న ఒక భూవిజ్ఞాన ఆచార్యుడి కంట పడ్డాయి. నిట్టనిలువుగా ఎక్కలేదది. వాలుకు అడ్డంగా, ఏటవాలుగా పోయింది, సరిగ్గా మా బాట మలుపుల్లాగే. కొండను ఎలా ఎక్కాలో దానికి ఎవరు నేర్పారు? "ఇంకెన్ని మలుపులురా?" అని కింద నుంచి కేక. "లెక్కపెట్టకు, దీన్ని చూసి నడువు" అని పై నుంచి జవాబు. వదిన చేతికర్ర దుమ్ములో గుచ్చి ముందు మలుపు తిరిగింది, ఆమె వెనక మేమందరం, అదే ఏటవాలున.