ఖాళీ అనే అబద్ధం

పోతన భాగవతంలో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి అబద్ధమాడినా పాపం అంటని సందర్భాలు చెప్తాడు. ఆడవాళ్ల విషయంలో, పెళ్లిళ్ల విషయంలో, ప్రాణం, ధనం, మానం పోయే వేళ అంటూ సాగే ఆ జాబితాను తెలుగిళ్లలో ఇప్పటికీ సామెతలా వాడుకుంటాం. అందులో స్త్రీ ఉంది, అబద్ధం వినేదిగా. తన బతుకుతెరువు కోసం తానే అబద్ధం ఆడాల్సి వచ్చిన స్త్రీ మాత్రం ఆ జాబితాలో లేదు. ఆమె ఇవాళ సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టు ఉద్యోగాల దారిలో మనకు ఎదురవుతోంది.

ఆ దారి ఎట్లా ఉంటుందో ముందు చూద్దాం. అమెరికాలో ఒక కంపెనీకి ఆరునెలల పనికి మనిషి కావాలి. ఆ కంపెనీ ఒక వెండర్‌ని అడుగుతుంది, ఆ వెండర్ ఇంకొకరిని. చివర్లో ఉన్న కన్సల్టెన్సీ మన రెజ్యూమెను 'మార్కెటింగ్' చేస్తుంది. గంటకు ఇంతని క్లయింటు ఇచ్చే డబ్బులో ఎవరి వాటా వాళ్లు మినహాయించుకుంటారు. అసలు రేటెంతో పని చేసే మనిషికి చాలాసార్లు తెలియదు. కన్సల్టెన్సీ బోర్డు న్యూజెర్సీలో ఉండొచ్చు, మాట్లాడే గొంతు హైదరాబాదులో ఉండొచ్చు. మనిషికి పని కుదిరితేనే వాళ్లకు ఆదాయం. అందుకని చేయని ప్రాజెక్టు చేసినట్టు రాయిస్తారు, పని చేయని కంపెనీ పే స్లిప్పులు పుట్టిస్తారు. ఇంటర్వ్యూలో తడబడతారనుకుంటే పక్కన ఇంకొకర్ని కూర్చోబెట్టి జవాబులు చెప్పిస్తారు. దానికి ప్రాక్సీ అని పేరు. ఉద్యోగం వచ్చాక ఆ పనిని ఇంకొకరితో దొంగచాటుగా చేయించుకోవడం జాబ్ సపోర్ట్. కన్సల్టెన్సీలన్నీ ఇట్లాంటివని కాదు. కానీ ఈ మాటలు తెలియని సాఫ్ట్‌వేర్ కుటుంబం అరుదు. దూరం నుంచి జరిగే ఇంటర్వ్యూల్లో ముఖాన్నీ గొంతునీ కూడా మార్చేస్తున్నారని 2022 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరించింది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులల్లో ఇంజనీరింగ్ చదివి ఇంట్లో ఉన్న స్త్రీలు తక్కువేం కాదు. పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ 2006లో వచ్చింది. ఆ తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. చాలా ఇళ్లలో మొదటి ఇంజనీరు ఆడపిల్లే అయింది. ఆ డిగ్రీ పెళ్లిచూపుల్లో పనికొచ్చింది. పెళ్లయ్యాక కాన్పు, పసిబిడ్డ, మంచాన పడ్డ మామగారు. హైదరాబాదో బెంగుళూరో వెళ్లి హాస్టల్లో ఉంటాననే మాట ఆ ఇంట్లో నోరు దాటదు. 2020లో కోవిడ్ వచ్చి ఇంటి నుంచి పని మామూలయ్యాక ఒక తలుపు తెరుచుకుంది. బిడ్డ నిద్రపోయాక పడకగదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే చాలు, ఎవరి అనుమతీ అడగకుండా ఇంటర్వ్యూకి హాజరు కావచ్చు. దీన్ని తేలిగ్గా తీసుకోలేం. గడప దాటనివ్వని చోట ఉద్యోగమే గడప లోపలికి వచ్చింది.

ఆ తలుపు దగ్గరే కన్సల్టెన్సీ నిలబడి ఉంది. "గ్యాప్ కనపడితే మీ ప్రొఫైల్ కదలదు మేడమ్. ఆ మూడేళ్లూ ఏదో ఒక ప్రాజెక్టుతో నింపేద్దాం" అంటుంది. ప్రొద్దుటూరులో నాకు తెలిసిన ఒకమ్మాయి ఈ మాట విని వచ్చి నాతో అంది: "అబద్ధం చెప్పేది నాకూ ఇష్టం లేదక్కా. నిజం చెప్తే ఫోనే పెట్టేస్తాండారు."

ఆమెను తప్పు పట్టేముందు కొన్ని విషయాలు ఆలోచించాలి. కడప జిల్లా నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లే స్త్రీలు మనకు తెలుసు. పదో తరగతి పాసవని స్త్రీ అట్లా వెళ్లాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద అనుమతి కావాలి, ముప్ఫై ఏళ్లు నిండాలి. రిజిస్టరైన ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఈ నిబంధనల్ని దాటేసే సబ్ ఏజెంట్లకు కొదవ లేదు. అయినా మోసం జరిగితే చూపించడానికి ఒక చట్టమంటూ ఉంది. జమ్మలమడుగులో ఇంట్లో కూర్చుని పరాయి దేశపు క్లయింటుకు పని చేసే స్త్రీ దేశం దాటలేదు కాబట్టి ఈ చట్టం లెక్కలో ఆమె వలస కార్మికురాలే కాదు. పని ఇప్పించినందుకు కార్మికుల దగ్గర రుసుము వసూలు చేయకూడదనేది 1997లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 181వ ఒడంబడికలో పెట్టిన సూత్రం. రెజ్యూమె రాసినందుకు, ట్రైనింగుకు, ప్రాక్సీకి అని వేర్వేరు పేర్లతో డబ్బు కట్టే ఆమె దగ్గరికి ఆ సూత్రం చేరలేదు. పట్టుబడిన రోజు బ్లాక్‌లిస్టులో పడేది ఆమె పేరు. కన్సల్టెన్సీకి ఇంకో పేరు దొరుకుతుంది.

ఈ వ్యాపారానికి పెట్టుబడి ఎక్కడిదో కూడా చూడాలి. షియాంగ్ బియావో అనే మానవశాస్త్రవేత్త హైదరాబాదులోనూ సిడ్నీలోనూ తెలుగు సాఫ్ట్‌వేర్ వాళ్ల మధ్య పరిశోధన చేసి 2007లో 'గ్లోబల్ బాడీ షాపింగ్' పుస్తకం తెచ్చాడు. అబ్బాయిల శిక్షణకూ ప్రయాణానికీ కట్నం ఎట్లా ఆధారమైందో అందులో చూపించాడు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల మీదుగా నడిచే పెళ్లిళ్లలో పెరిగిన మనకు ఇది కొత్త కాదు. మగవాడు కన్సల్టెన్సీకి కట్టే డబ్బు అత్తింటి నుంచి వస్తే అది పెట్టుబడి. ఆమె తన ఉద్యోగం కోసం గాజులు కుదువ పెడితే అది దుబారా.

ఇన్ని తెలిశాక, ఆ అబద్ధం సరైనదేనని అనొచ్చా? "అందరూ పెట్టేదే కదా, కంపెనీలు మాత్రం నిజం చెప్తున్నాయా" అనే వాదనలో సగం నిజముంది. అన్యాయంగా అడిగేవాడికి నిజం చెప్పాల్సిన బాధ్యత లేదని ఎవరైనా అంటే నేను వాదనకు దిగను. నా అభ్యంతరం వేరేచోట ఉంది. ఆ అబద్ధం దెబ్బ కంపెనీకి తగిలేది తక్కువ. అదే ఉద్యోగానికి పులివెందుల నుంచి నాలుగేళ్ల విరామాన్ని విరామంగానే రాసి పంపిన ఇంకో స్త్రీకి తగిలేది ఎక్కువ. ఒకరు నింపిన ప్రతి ఖాళీ తర్వాత వచ్చే ఆమె ఖాళీని ఇంకా పెద్దదిగా చూపిస్తుంది.

అంతకంటే లోతైన సంగతి ఇంకొకటుంది. 'గ్యాప్' అనే మాటే మొదటి అబద్ధం. 2024 జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం మన దేశంలో జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు ఆ పనిలో గడుపుతారు, చేసే పురుషులు 88 నిమిషాలు. 2021 జనవరిలో కీర్తి కేసు తీర్పులో జస్టిస్ ఎన్.వి. రమణ అంతకుముందటి 2019 సర్వే అంకెల్ని ఉదహరించి గృహిణి శ్రమకు ఆర్థిక విలువ ఉందని రాశారు. అది రోడ్డు ప్రమాదంలో మరణించిన దంపతుల నష్టపరిహారం కేసు. చనిపోతే కోర్టులో లెక్కకొచ్చే శ్రమ, బతికుండగా రెజ్యూమెలో ఖాళీ!

ఆ మూడేళ్లలో ఆమె ఒక ప్రాణాన్ని నిలబెట్టింది, ఒక ముసలి ప్రాణాన్ని సాగనంపింది. వాటి మీద దొంగ ప్రాజెక్టు పేరు రాయడమంటే, అవి ఏమీ కావని మార్కెట్ అన్న మాట మీద మనమే సంతకం పెట్టడం. పైగా ఆ సంతకం పెట్టినందుకు ప్రతి వెరిఫికేషన్ ఫోన్‌కూ ఆమె గుండె దడదడలాడాలి.

ఎవరికి పూట గడవడం కష్టమో వాళ్లకు నేను నీతులు చెప్పను. కానీ ఉద్యోగాలిచ్చే స్థానాల్లో, ఇంటర్వ్యూ బోర్డుల్లో, కాలేజీల్లో ఉన్న మనం చేయగలిగింది ఉంది. విరామం ఉన్న రెజ్యూమెను పక్కన పెట్టకుండా చదవొచ్చు. మూడేళ్లు ఏం చేశావని అడగడం మాని, ఇప్పుడేం చేయగలవని అడగొచ్చు. మన విద్యార్థినులకు బిడ్డను పెంచిన కాలాన్ని దాచకుండా రాయమని చెప్పొచ్చు, అట్లా రాసిన వాళ్ల పక్కన నిలబడొచ్చు. నిజం చెప్పిన స్త్రీ ఫోను పెట్టేయని ఒక్క గొంతైనా అవతల ఉంటే, సత్యం గురించి ఆమెతో మాట్లాడే హక్కు మనకు అప్పుడు వస్తుంది.