ఆపిన బిల్లు ఎవరి సొమ్ము?

యూదా రాజ్యాన్ని ఏలిన యెహోయాకీముకు మేడలు కట్టించడమంటే మహా మోజు. విశాలమైన పైగదులు, పెద్ద కిటికీలు, దేవదారు పలకల గోడలు, వాటికి ఇంగిలీకపు ఎర్రరంగు. క్రీస్తు పూర్వం ఏడో శతాబ్దం ముగిసే రోజుల మాట ఇది. ఆ మేడ సంగతి మీద యిర్మీయా ప్రవక్త నిప్పులు చెరిగాడు. ఆయన కోపం దేవదారు మీద కాదు, రంగు మీదా కాదు. సాటి మనిషి చేత పని చేయించుకుని కూలి ఇవ్వలేదన్నదే ఆయన మోపిన నేరం. నీ తండ్రి యోషీయా కూడా అన్నపానాలు మానుకోలేదు, అయినా దీనులకు న్యాయం చేశాడు, దేవుణ్ణి తెలుసుకోవడమంటే అదేనని రాజు ముఖం మీదే తేల్చాడు. బలులు, ఉపవాసాల ఊసు అక్కడ లేదు. భక్తికి కొలత కూలి లెక్కలో ఉంది.

ఈ రోజుల్లో కూలి ఎగ్గొట్టడానికి రాజు కానక్కర్లేదు. ఒక సంతకం పెట్టకుండా ఉంటే చాలు.

ప్రభుత్వం కాంట్రాక్టరుకు అప్పగించిన బడి గదో, సీసీ రోడ్డో పూర్తయ్యాక అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) వచ్చి టేపు పట్టి కొలుస్తాడు. పొడవు, వెడల్పు, మందం కొలతల పుస్తకంలో, అంటే ఎం-బుక్కులో, ఎక్కుతాయి. పై ఇంజినీరు డీఈ వాటిని సరిచూస్తాడు. క్వాలిటీ కంట్రోల్ వాళ్లు చూస్తారు. ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు (ఈఈ) పాస్ చేశాక బిల్లు ట్రెజరీకో, పే అండ్ అకౌంట్స్ ఆఫీసుకో చేరుతుంది. ఈ దారిలో ఏ బల్ల మీదైనా ఫైలు ఆగిపోవచ్చు. ఆపినవాడు ఎవరి జేబులోనూ చేయి పెట్టలేదు. ఒక్కోసారి లంచం కూడా అడిగి ఉండడు. ఊరికే పక్కన పెట్టాడు, అంతే. మరి ఇందులో పాపం ఎక్కడుంది? ఏమీ చేయకపోవడం దొంగతనం ఎలా అవుతుంది?

ఈ ప్రశ్న దగ్గర ఎంతో దూరదూరంగా పుట్టిన ధర్మాలు ఒకే మాట మీద నిలబడ్డాయి. బైబిలులోని ద్వితీయోపదేశకాండం బీద కూలివాడి సొమ్ముకు సూర్యాస్తమయాన్ని గడువుగా పెట్టింది. ఇబ్నె మాజా సంకలనం చేసిన హదీసు చెమట ఆరకముందే ఇవ్వమంది. బుఖారీ హదీసు ఇంకా కఠినం. ప్రళయదినాన ముగ్గురికి వ్యతిరేకంగా అల్లాహ్ తానే నిలబడతాడని, పని పూర్తిగా చేయించుకుని కూలి ఇవ్వనివాడు ఆ ముగ్గురిలో ఒకడని అది చెబుతుంది. కౌటిల్యుడు పరలోకం దాకా వెళ్లలేదు. వేతనం ఇవ్వకపోతే అందులో పదో వంతు లేదా 6 పణాలు జరిమానా అని అర్థశాస్త్రంలో రాసి ఊరుకున్నాడు. ఇవ్వాల్సింది లేదని బొంకితే శిక్ష పెరుగుతుంది, 12 పణాలు లేదా ఐదో వంతు.

వీటన్నిటి వెనుక ఉన్న ఆలోచన ఒక్కటే. పని ముగిసి, దాన్ని అవతలివాడు అనుభవించడం మొదలుపెట్టిన క్షణం నుంచి ఆ డబ్బు పని చేసినవాడిది. ఇచ్చేవాడి దగ్గర ఉన్నది పరాయి సొమ్ము. పతంజలి యమాల్లో చెప్పిన అస్తేయం, అంటే దొంగిలించకపోవడం, ఇక్కడ వర్తిస్తుంది. ఇతరుల సొమ్ము తీసుకోకపోవడంతో అది తీరిపోదు, తన చేతిలో చిక్కుకున్న పరాయి సొమ్మును వదలడం కూడా అందులో భాగమే. మన 1872 నాటి కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ కూడా దాదాపు ఇదే చెబుతుంది. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు చట్టబద్ధంగా చేసిన పని ఫలం అనుభవించినవాడు పరిహారం ఇచ్చి తీరాలి.

అయితే బిల్లు ఆపడమే ధర్మమయ్యే సందర్భాలూ ఉన్నాయి. వాటిని దాటేసి మాట్లాడటం నిజాయితీ కాదు. స్లాబు వేసేటప్పుడు తీసిన కాంక్రీటు క్యూబులు 28 రోజుల తర్వాత పరీక్షలో నిలబడకపోతే, కొలతలో మందం తగ్గితే, ఆ ఇంజినీరు సంతకం అబద్ధ సాక్ష్యమే అవుతుంది. ఆ గదిలో రేపు కూర్చునేది పిల్లలు. 2023 అక్టోబరులో తెలంగాణలోని మేడిగడ్డ బరాజ్ పియర్లు కుంగాక జరిగిన విచారణల్లో, పని పూర్తయిందన్న సర్టిఫికెట్లు ఎలా ఇచ్చారన్నది కూడా ఒక ప్రశ్నయింది. తొందరపడి పెట్టిన సంతకానికీ బాధ్యత ఉంటుంది. అర్థశాస్త్రమే వేతనం తీసుకుని పని చేయని భృతకుడికి 12 పణాలు జరిమానా వేసింది. తరాజుకు రెండు వైపులూ ఉన్నాయి.

బైబిలులోనే యోవాషు రాజు కథ ఈ రెండు వైపులనూ ఒకచోట చూపిస్తుంది. యెరూషలేము మందిరం మరమ్మతుకు వచ్చే డబ్బు యాజకుల చేతికి వెళ్లేది. ఆయన ఏలుబడి 23వ ఏడు వచ్చినా మరమ్మతు కాలేదు. రాజు వాళ్లను పిలిపించి, ఇక మీరు డబ్బు తీసుకోవద్దన్నాడు. యాజకుడు యెహోయాదా ఒక పెట్టె మూతకు బెజ్జం చేసి బలిపీఠం పక్కన పెట్టించాడు. పెట్టె నిండినప్పుడల్లా రాజు లేఖకుడు, ప్రధాన యాజకుడు కలిసి లెక్కపెట్టేవారు. ఆ డబ్బు పైవిచారణకర్తల ద్వారా వడ్రంగులకు, తాపీవాళ్లకు, రాళ్లు చెక్కేవాళ్లకు చేరేది. పని చేయనివాళ్లకు ఆగింది, చేసినవాళ్లకు అందింది. ఎందుకు ఆపుతున్నదీ రాజు ముఖాముఖి చెప్పాడు. గీత అక్కడే ఉంది. పనిలోని లోపం చూసి ఆపినది న్యాయం. మనిషిని, అతని పార్టీని, అతనివ్వని పర్సంటేజీని చూసి ఆపినది దోపిడీ. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, కారణం కాగితం మీదికి రావాలి. కారణం రాయలేని చేతికి ఆపే హక్కు లేదు.

బ్రిటన్ 1996లో నిర్మాణ కాంట్రాక్టుల చట్టంలో ఇదే రాసుకుంది. ఎంత ఆపుతున్నారో, ఎందుకు ఆపుతున్నారో ముందుగా నోటీసు ఇవ్వకుండా గడువు వచ్చిన సొమ్మును ఆపకూడదు.

ఖజానాలో డబ్బు లేదనే జవాబు ఒకటుంది. అది కొన్నిసార్లు నిజమే. కానీ నిధులు లేవని తెలిసీ టెండరు పిలవడం, అగ్రిమెంటు మీద సంతకం చేయించుకోవడం అప్పటికే జరిగిపోయిన తప్పు. ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల పాత బిల్లుల కోసం ఎందరో కోర్టుకెక్కాల్సి వచ్చింది. 2021 అక్టోబరులో హైకోర్టు వాటిని 12 శాతం వడ్డీతో చెల్లించమని ఆదేశించింది. పనులు చేయించింది ఒక ప్రభుత్వం, బిల్లులు ఆగింది మరో ప్రభుత్వంలో. సిమెంటుకు, కంకరకు ఏ పార్టీ ఉంటుంది?

పెద్ద కాంట్రాక్టరు ఓపిక పట్టగలడు. చిన్నవాడు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి, ఇంట్లో పుస్తెలతాడు కుదువపెట్టి పని ముగిస్తాడు. ఆ కింద మేస్త్రీ, మేస్త్రీ కింద అడ్డా మీది కూలీ. బిల్లు ఆగితే దెబ్బ చివరికి తగిలేది అతనికే, అతనికి ఎం-బుక్కులో పేరు కూడా ఉండదు. కూలి అందక పస్తులుండటం కొత్తేమీ కాదు. క్రీస్తు పూర్వం 1157 ప్రాంతంలో ఈజిప్టులో ఫరోల సమాధులు తొలిచే పనివాళ్లకు కూలిగా ఇవ్వాల్సిన ధాన్యం రోజుల తరబడి అందలేదు. వాళ్లు పనిముట్లు పక్కన పెట్టి, శ్మశానవాటిక గోడలు దాటి వచ్చి ఒక ఆలయం వెనుక కూర్చున్నారు. ఆకలి, దప్పిక మమ్మల్ని ఇక్కడికి తెచ్చాయన్నారు. బట్ట లేదు, నూనె లేదు, చేప లేదు, కూర లేదు, రాజుకు రాయండి అన్నారు. అధికారులు వచ్చి నచ్చజెప్పినా వెంటనే కదల్లేదు. ఆ మొర రాసిన పపైరస్ నేటికీ ఇటలీలోని టురిన్ మ్యూజియంలో ఉంది. దేవుడిగా కొలిచిన రాజు పరలోక నివాసం కడుతున్నవాళ్లే పస్తులున్నారు. మనకు తెలిసినంతలో లిఖితంగా మిగిలిన మొదటి సమ్మె ఇదేనని చరిత్రకారుల మాట.

ఫైలు ముందు కూర్చున్న ప్రతి అధికారికీ ఒక విన్నపం. పనిలో లోపముంటే తప్పకుండా ఆపండి. ఏ ఐటెంలో ఎంత ఆపుతున్నారో, ఏం సరిచేస్తే ఇస్తారో అదే రోజు రాసి కాంట్రాక్టరు చేతికి ఇవ్వండి, వివాదం లేని మిగతా మొత్తం వదిలేయండి. కాంట్రాక్టర్లూ బిల్లు పడిన రోజు ముందు కూలీల బకాయి తీర్చి, తర్వాత సిమెంటు కొట్టు లెక్క చూడాలి.