ఆయాసం లేని మోత

మా మేనల్లుడు ఊరేగింపులకు అద్దెకిచ్చే తన చిన్న ట్రక్కుకు సౌండు బిగిస్తున్నాడు. వాడి శ్రద్ధ చూడాలి! నాలుగు ఓముల సబ్‌వూఫర్లు రెండు సమాంతరంగా కలిపితే రెండు ఓములే అవుతుందట. అంత భారం మొయ్యలేని ఆంప్లిఫైయరైతే వేడెక్కిపోతుందట. 12 వోల్టుల బ్యాటరీనుంచి 1000 వాట్లు లాగాలంటే 80 ఆంపియర్లకు పైమాటే. అందుకని తీగ లావుగా ఉండాలి, బ్యాటరీ పక్కనే ఫ్యూజూ ఉండాలి.

యంత్రం ఎంత ఓర్చుకుంటుందో ఇంత లెక్క చూసేవాళ్ళం, వీధిలో మనుషుల ఓర్పు సంగతి అడగమేం? సన్నని పాట మూసిన తలుపు దగ్గర కొంత ఆగుతుంది. సబ్‌వూఫర్ మోత అలా ఆగదు, మంచంమీది ముసలాయన గుండెల్లోకే వచ్చేస్తుంది.

బాజాభజంత్రీలు మాత్రం చప్పుడు కావా అంటారు. అవీ చప్పుడే. కాని సన్నాయి ఊదే మనిషి ఊపిరి తీసుకోవాలి, డోలు కొట్టేవాడికి చేతులు నొప్పెడతాయి. ఆంప్లిఫైయరుకు ఆయాసమేదీ?

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా వీధుల్లో లౌడ్‌స్పీకర్లు కూడదని 2000 నాటి నిబంధనలున్నాయి. మరి తొమ్మిదిన్నరకు బాలింత ఇంటిముందు బండి ఆగితేనో? గడియారం చూసుకుంటే సరిపోతుందా?

"జబ్బుమనుషులున్న ఇంటిదగ్గర తగ్గిస్తే పెళ్ళివారు అద్దె కోస్తారత్తయ్యా" అంటాడు వాడు. కొయ్యనీరా అనడం నాకు సులువే. బండి వాయిదాలు కట్టవలసింది వాడు.