గుప్పెడు బియ్యం



1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు తిరుగుబాటు సైన్యం కంబోడియా రాజధాని నాంపెన్‌లో అడుగుపెట్టింది. వెంటనే జనాన్ని ఉన్నపళంగా పల్లెలకు తరిమింది. ఆ గుంపులో లువాంగ్ ఉంగ్ అనే ఐదేళ్ల పాప ఉంది. నాలుగేళ్లు తిరక్కుండానే అమ్మానాన్నల్నీ, ఒక అక్కనీ, ఒక చెల్లినీ పోగొట్టుకుంది. పెద్దయ్యాక ‘ఫస్ట్ దే కిల్డ్ మై ఫాదర్’ అనే పుస్తకంలో అదంతా రాసింది. అది 2000లో వచ్చింది.

ఖ్మేర్ రూజ్ పాలనలో పదిహేను లక్షల మందికి పైగా చనిపోయారు. అంత పెద్ద అంకె వింటే అయ్యో అంటాం, మళ్లీ మన పనుల్లో పడిపోతాం. ఈ పుస్తకం అలా వదలదు. సైనికులు ఆ పిల్ల ఎర్రగౌను తగలబెడతారు, ఇక అందరూ నల్లబట్టలే కట్టాలి. ఆకలికి ఆగలేక ఒక రాత్రి ఇంట్లో దాచుకున్న బియ్యంలోంచి గుప్పెడు దొంగిలిస్తుంది. అందరూ పస్తులున్న ఇంట్లో! చంపినవాళ్లకు లేని సిగ్గు ఆ పసిదాన్ని ఏళ్ల తరబడి కాల్చింది. నన్ను అన్నిటికంటే కలచివేసింది ఇదే. అది చదివాక పిల్లల పళ్లెంలో మిగిలిన అన్నాన్ని కూడా మామూలుగా చూడలేకపోయాను.

మీ ఇంట్లో హైస్కూలు దాటిన పిల్లలుంటే ఈ పుస్తకం ఇవ్వండి. ఇచ్చి ఊరుకోకండి, మీరూ చదవండి. వాళ్లు అడిగే ప్రశ్నలకు పక్కన మీరుండాలి.