పోటు చూసి సెలవు పెట్టు

అబ్బాయీ,

జూన్‌లో నీ తెరచాప పడవ మీద మెడ్‌వే నుంచి లండన్ వెళ్లి, కోడలితో, పాపతో రెండు రాత్రులు పడవలోనే ఉండాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. తనూ అప్పటికి మీ దగ్గరే ఉంటుంది కదా, టవర్ బ్రిడ్జి పక్కన కొడుకు పడవలో కూర్చుని టీ తాగాలని సరదాపడుతోంది. మంచి కోరికే. పడవ ఎక్కడ కట్టాలన్నది మాత్రం నువ్వింకా తేల్చుకోలేదట. ఓడల మీద బతుకు గడిపినవాణ్ణి కనుక ఒక మాట చెబుతాను, మనసులో పెట్టుకో.

ఏ ఊరికి వెళ్లినా ముందు ఆ రేవులోంచి ఎప్పుడు, ఎలా బయటపడతావో చూసుకో. లోపలికి వెళ్లడం సంగతి ఆ తర్వాత. వెళ్లేటప్పుడు ఉత్సాహం ఉంటుంది, ఎంతసేపైనా ఓపిక పడతాం. వచ్చేటప్పుడు అలిసిపోయి ఉంటాం, పాపకు బడి ఉంటుంది, నీకు సోమవారం ఆఫీసు ఉంటుంది. ఆ తొందరలోనే మనిషి రాకూడని నీటిలోకి వస్తాడు.

థేమ్స్ సంగతి నీకు తెలియనిది కాదు, అయినా చెబుతాను. మన విశాఖలో పోటుకూ పాటుకూ మధ్య నీటి తేడా ఒకటిన్నర మీటరుకు అటూ ఇటూ. లండన్ బ్రిడ్జి దగ్గర పౌర్ణమికీ అమావాస్యకీ అది ఆరున్నర మీటర్ల దాకా ఉంటుంది. రెండంతస్తుల మేడంత నీరు రోజుకు రెండుసార్లు ఎక్కి దిగుతుందన్నమాట. అందుకే అక్కడ పడవలను ఎక్కువగా లాకు వెనక ఉన్న పాత డాకుల్లో కడతారు. ధవళేశ్వరం లాకులు చూసి పెరిగినవాడివి, నీకు వేరే చెప్పాలా? లాకు మూశాక లోపల నీటిమట్టం కదలదు, పడవ రాత్రంతా నెమ్మదిగా తేలుతూ ఉంటుంది. చిక్కల్లా ఏమిటంటే, లాకును మన వీలు చూసి తీయరు. నది వీలు చూసి తీస్తారు.

నీకు పనికొచ్చే చోట్లు మూడున్నాయి. మీ అమ్మ కోరుకున్నది సెయింట్ కేథరిన్ డాక్స్. థామస్ టెల్ఫోర్డ్ కట్టిన ఆ డాకును 1828లో తెరిచారు, 1968లో సరుకు పని ఆగిపోయింది, ఇప్పుడది మెరీనా. టవర్ బ్రిడ్జికి ఆనుకుని సముద్రం వైపునే ఉంది కనుక నీ కోసం వంతెన ఎత్తించే పని లేదు. ఊరి నడిబొడ్డు, కాబట్టి అద్దె కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. లాకు మాత్రం పోటు నిండడానికి సుమారు రెండు గంటల ముందు నుంచి, నిండాక గంటన్నర వరకే. అదీ పగటిపూటే, చలికాలంలో ఇంకా తక్కువ.

అక్కడికి కాస్త దిగువన లైమ్‌హౌస్ బేసిన్. 1820లో రీజెంట్స్ కాలువకు రేవుగా తెరిచారు. కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ వాళ్ల లాకు ఇక్కడ మరికొన్ని గంటలు ఎక్కువ పనిచేస్తుంది, ముందురోజే ఫోను చేసి చెప్పాలి. దాని మొగలో నది అడ్డంగా లాగుతుంది. పాటు జోరుగా ఉన్నప్పుడు ముక్కు తిప్పడానికి ఇంజనుకు బలం కావాలి, ధైర్యంగా ఇవ్వు, మధ్యలో తగ్గించకు. ఒకప్పుడు మన దేశపు కళాసీలు ఓడ దిగి, తిరిగి వెళ్లే దారి లేక తిరిగిన పేట అది. 1857లో వాళ్ల కోసం వెస్ట్ ఇండియా డాక్ రోడ్డులో ఒక వసతి గృహం తెరిచారు. వీలుంటే పాపను ఆ వీధి వెంట నడిపించు. మన వాళ్లు ఎంత దూరం వచ్చి ఎంత కష్టపడ్డారో దానికీ తెలియాలి.

మూడోది నదికి దక్షిణాన, రోథర్‌హైత్ వైపు సౌత్ డాక్. సదర్క్ కౌన్సిల్ నడుపుతుంది. పడవల మరమ్మతు యార్డు, క్రేను ఉన్నాయి. దారిలో ఏదైనా పాడైతే అటు వెళ్లు, మామూలు ప్రయాణానికి మొదటి రెండూ చాలు.

లాకు లేకుండా నదిలోనే బోయాకు కట్టుకుంటే డబ్బు మిగులుతుంది, గంటల గొడవ ఉండదని ఎవరైనా సలహా ఇస్తే వినకు. ప్రయాణికుల క్లిప్పర్ బోట్లు పొద్దున్నుంచి రాత్రి పొద్దుపోయేదాకా జోరుగా తిరుగుతూనే ఉంటాయి. వాటి అలకు నీ తొమ్మిది మీటర్ల పడవ అటూ ఇటూ ఒరుగుతుంది, స్టవ్ మీద గిన్నె నిలవదు, పాప నిద్రపోదు. లాకు తెరిచేదాకా ఆ బోయాల దగ్గర గంటో అరగంటో ఆగక తప్పదు, అంతవరకు సరే. రాత్రి పడుకునే చోటు మాత్రం లాకు లోపలే ఉండాలి.

ఇక అసలు విషయం. పోటు రోజూ ముప్పావు గంటకు పైగా ఆలస్యమవుతుంది. వేసవి గడియారం ప్రకారం పౌర్ణమికీ అమావాస్యకీ లండన్‌లో పోటు నిండేది మధ్యాహ్నం మూడింటి ప్రాంతంలో. వారం గడిచి అష్టమి వచ్చేసరికి ఉదయం, రాత్రి ఎనిమిది తొమ్మిది మధ్య నిండుతుంది. పైగా ఆ రోజుల్లో నీటి లాగుడు కూడా తక్కువ. అష్టమి, నవమి ప్రయాణానికి పనికిరావని మీ అమ్మ అభ్యంతరం చెబుతుంది. థేమ్స్ మీద నీలాంటి చిన్న పడవకు అవే మంచి రోజులని పెదనాన్న చెప్పాడని చెప్పు.

ఎలాగో చూడు. శుక్రవారం సప్తమో అష్టమో అయితే, మధ్యాహ్నం నీరు పూర్తిగా తీసిన వేళకు మెడ్‌వే మొగ దగ్గరి క్వీన్‌బరోలో లంగరు ఎత్తు. టవర్ బ్రిడ్జికి అక్కడినుంచి సుమారు నలభై నాటికల్ మైళ్లు. ఆ మొగలోనే ఉన్న షీర్‌నెస్‌లో పోటు నిండిన గంట పైచిలుకు తర్వాత గానీ లండన్‌లో నిండదు కనుక, పైకి వెళ్లేటప్పుడు పోటు నీతోపాటే వస్తుంది, ఎక్కువ గంటలు తోస్తుంది. జూన్ వెలుగులో, సాయంత్రం లాకు తెరిచే వేళకు చేరతావు.

తిరుగు ప్రయాణంలో ఇదే లెక్క తిరగబడుతుంది. లండన్‌లో నీరు తీయడం మొదలయ్యేసరికి షీర్‌నెస్‌లో ఎప్పుడో మొదలై ఉంటుంది. నీకు దొరికే పాటు గంటలు తక్కువ. అందుకే ఆదివారం ఉదయం లాకు మొదటిసారి తీయగానే బయటికి రా, పోటు చివర కాసేపు ఎదురునీరు తగిలినా ఫరవాలేదు. టిఫిను దారిలో తినొచ్చు. ఆ రోజు తూర్పుగాలి గట్టిగా ఉంటే మాత్రం బయల్దేరకు. నది మొగలో గాలీ పాటూ ఎదురుపడి అల పొట్టిగా, నిటారుగా లేస్తుంది. అది పాపను తీసుకెళ్లే నీరు కాదు.

నేను చెప్పిన వేళలు ఉజ్జాయింపు. పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ పోటు పట్టికే ప్రమాణం. వాళ్లు నావికులకిచ్చే నోటీసులు కూడా చదువు. ఊరికి వరద రాకుండా నదికి అడ్డంగా కట్టిన, 1982 నుంచి పనిచేస్తున్న థేమ్స్ బ్యారియర్‌ను పరీక్ష కోసం అప్పుడప్పుడు మూస్తారు. బ్యారియర్ చేరకముందే వీహెచ్‌ఎఫ్ 14వ చానెల్లో, నదిలో రాకపోకలు చూసే లండన్ వీటీఎస్‌ను పిలిచి అనుమతి తీసుకో. తెరచాప దించి, ఇంజను మీద, పచ్చ బాణాలు చూపించిన ఖానాలోంచే పో.

లాకులో ఒక జాగ్రత్త. ఫెండర్లు రెండు పక్కలా ముందే వేలాడదీయి. మోకును ముడి వేయొద్దు. క్లీటుకు ఒక చుట్టు తిప్పి, కొస కోడలి చేతిలో ఉంచు, నీరు దిగేకొద్దీ కొంచెం కొంచెంగా వదలమను. ముడి వేసి ఉంటే నీరు దిగాక పడవ ఆ మోకుకే వేలాడుతుంది, బిగిసిన ముడి అప్పుడు ఊడదు. వేళ్లు మోకుకూ క్లీటుకూ మధ్య పెట్టవద్దని రెండుసార్లు చెప్పు. పాప లైఫ్ జాకెట్ వేసుకుని కాక్‌పిట్‌లో కూర్చోవాలి.

మీ అమ్మను నది మీద తీసుకెళ్లొద్దు. మోకాళ్ల నొప్పులతో అన్ని గంటలు కూర్చోలేదు, మొహమాటానికి బాగానే ఉందంటుంది, నమ్మకు. శనివారం ఉదయం రైల్లో రానీ. లైమ్‌హౌస్ డీఎల్‌ఆర్ స్టేషన్ నుంచి బేసిన్‌కు నడిచి వచ్చేయొచ్చు, సెయింట్ కేథరిన్ డాక్స్‌కు టవర్ గేట్‌వే దగ్గర. డీఎల్‌ఆర్ స్టేషన్లన్నింటిలో మెట్లు ఎక్కకుండా వెళ్లే వీలుంది. బెర్తు బుక్ చేసేటప్పుడే పడవ పొడుగు, లోతుతో పాటు ఈ సంగతీ చెప్పు. మరో పడవ మీదుగా దాటి ఎక్కే చోటు వద్దని, పక్కనే పాంటూన్ ఉన్న బెర్తు కావాలని అడుగు. అడిగితే ఇస్తారు, అడగకపోతే వాళ్లకు మాత్రం ఎలా తెలుస్తుంది?

నా మాట అడిగితే, తిథి కుదిరిన వారం సెయింట్ కేథరిన్ డాక్స్‌కే వెళ్లు. నాలుగు డబ్బులు ఎక్కువైనా మీ అమ్మ సరదా తీరుతుంది. లాకు వేళ నీ శుక్ర, ఆదివారాలతో కుదరకపోతే లైమ్‌హౌస్. రెండూ కుదరకపోతే ఇంకో వారం. సెలవు పెట్టేశాక దానికి సరిపడే పోటు వెతుక్కోకు, పోటు చూసి సెలవు పెట్టు. సోమవారం కూడా సెలవులోనే ఉంచుకో. ఆదివారం గాలి బాగోకపోతే ఇంకో రాత్రి అద్దె కట్టి అక్కడే ఉండండి, లేదా పడవను డాకులో వదిలి అందరూ రైలెక్కి ఇంటికి రండి. పడవ ఎక్కడికీ పోదు. ఆఫీసుకు ఫోను చేసి రాలేనని చెప్పడం ఏ నావికుడికీ నామోషీ కాదు. మా రోజుల్లో మేం గౌరవించిన కెప్టెన్లందరూ ఆగాల్సిన చోట ఆగినవాళ్లే.

ఇట్లు,
మీ పెదనాన్న